చిన్న ఎస్‌యూవీయా... పెద్దదా?
పొడవు, బరువు, పన్ను, దారి... బయానా ఇచ్చేముందు వేసుకోవలసిన లెక్కలు

పెనుకొండ: ఒకప్పుడు పల్లెల్లో ఎత్తయిన వాహనం అంటే జీపే. పెళ్లి బృందమైనా, పురిటి నొప్పులు పడుతున్న గర్భిణి అయినా, సంతకు వెళ్లే వర్తకుడైనా ఆ జీపులోనే ప్రయాణించేవారు. ఇప్పుడా స్థానాన్ని ఎస్‌యూవీలు ఆక్రమించాయి. పట్టు రైతు మొదలుకొని ఉపాధ్యాయుడు, కాంట్రాక్టరు, చిన్న వ్యాపారి వరకు కారు కొనాలనుకున్న ప్రతి ఒక్కరూ ముందుగా వీటివైపే చూస్తున్నారు. గతుకుల రోడ్లపై అడుగు భాగం తగలదని, ఎక్కి దిగడం సులభమని, నలుగురిలో గౌరవంగా ఉంటుందని భావించడమే ఇందుకు కారణం.

అయితే షోరూంలో అడుగుపెట్టిన తరువాత అసలు చిక్కు మొదలవుతోంది. నాలుగు మీటర్లలోపు చిన్నది తీసుకోవాలా, మరికొంత అప్పు చేసి పెద్దది తీసుకోవాలా అన్న ప్రశ్నకు ఎక్కువమంది అక్కడికక్కడే, అమ్మకందారు మాటలను బట్టి జవాబు వెతుక్కుంటున్నారు. ఇల్లు, పొలం తరువాత సామాన్య కుటుంబం చేసే అతిపెద్ద ఖర్చు ఇదే. వాయిదాలు ఐదు నుంచి ఏడేళ్లపాటు కట్టవలసి ఉంటుంది. అందువల్ల చిన్న, పెద్ద ఎస్‌యూవీల మధ్య నిజమైన తేడాలు ఏమిటో, ఏవి కేవలం అపోహలో ముందుగా తెలుసుకోవడం అవసరం.

మూడు తరగతులు

మన మార్కెట్లో లభించే ఎస్‌యూవీలను స్థూలంగా మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది నాలుగు మీటర్లలోపు వాహనాల తరగతి. టాటా నెక్సాన్, మారుతి బ్రెజా, హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్ ఈ కోవకు చెందుతాయి. వీటి పొడవు 3,995 మిల్లీమీటర్లు. అంటే గీతకు కేవలం 5 మిల్లీమీటర్లు తక్కువ. టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్ ఇంకా చిన్నవి. వాటి పొడవు 3,800 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది.

రెండోది మధ్యతరగతి. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్, మారుతి గ్రాండ్ విటారా వంటివి 4.3 మీటర్లు, ఆపైన పొడవుతో ఐదుగురు కూర్చునేలా రూపొందాయి. మూడోది పెద్ద తరగతి. మహీంద్రా స్కార్పియో-ఎన్ పొడవు 4,662, టాటా సఫారీ 4,668, టయోటా ఫార్చ్యూనర్ 4,795 మిల్లీమీటర్లు. వీటిలో మూడు వరుసల సీట్లు ఉంటాయి.

చిన్న, మధ్య తరగతుల తేడాను అర్థం చేసుకోవడానికి మనం దూరం పోనవసరం లేదు. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద జాతీయ రహదారి పక్కనున్న కియా కర్మాగారంలో రెండు రకాలూ తయారవుతున్నాయి. ఈ కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో సెల్టోస్, 2020 సెప్టెంబరులో సోనెట్ మార్కెట్లోకి వచ్చాయి. తొలి సెల్టోస్ పొడవు 4,315, సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. చూపునకు తేడా ఒక అడుగు మాత్రమే. కాని ముందు, వెనుక చక్రాల మధ్య దూరం సోనెట్‌లో 2,500 కాగా సెల్టోస్‌లో 2,610 మిల్లీమీటర్లు ఉండేది. ఆ 110 మిల్లీమీటర్లలో అధిక భాగం వెనుక సీటులో కూర్చునేవారి మోకాళ్లకు దక్కింది. డిక్కీలో కూడా ఒక పెద్ద సంచి అదనంగా పట్టేది. తరువాతి కాలంలో వచ్చిన సెల్టోస్ రూపాల్లో పొడవు ఇంకా పెరిగింది. సోనెట్ మాత్రం గీత దాటలేదు. ఎందుకు దాటలేదన్నదే అసలు కథ.

నాలుగు మీటర్ల గీత ఎలా వచ్చింది?

ఈ గీతను గీసింది ఇంజినీర్లు కాదు, పన్నుల చట్టం. 2006 ఫిబ్రవరి బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి పి.చిదంబరం చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు 4,000 మిల్లీమీటర్లు మించరాదని, పెట్రోలు ఇంజను అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ మించరాదని నిర్వచించారు. అప్పటినుంచి కంపెనీలు తమ వాహనాలను ఆ కొలతలోపు కుదించడం మొదలుపెట్టాయి. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2016లో మారుతి విటారా బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ వరుసగా రంగప్రవేశం చేశాయి. ఇతర దేశాల్లో ఇంతకన్నా పొడవుగా అమ్ముడైన ఎకోస్పోర్ట్‌ను ఇక్కడ నాలుగు మీటర్లలోపే తయారుచేయడం ఆ నిబంధన ప్రభావానికి నిదర్శనం.

2017 జులైలో జీఎస్‌టీ వచ్చినా ఆ గీత చెరిగిపోలేదు. చిన్న పెట్రోలు కారుపై సెస్సుతో కలిపి 29 శాతం, చిన్న డీజిల్ కారుపై 31 శాతం పన్ను ఉండగా, మధ్యతరగతి వాహనాలపై 45, పెద్ద ఎస్‌యూవీలపై 50 శాతం వరకు వసూలైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ విధానం మారింది. సెస్సును తొలగించి, చిన్న కార్లకు 18 శాతం, మిగిలిన వాటన్నిటికీ 40 శాతం పన్ను నిర్ణయించారు. పెద్ద వాటిపై కూడా భారం తగ్గిన మాట నిజమే. అయినా రెండు తరగతుల మధ్య 22 శాతం అంతరం నిలిచే ఉంది.

ఈ అంతరం రూపాయల్లో ఎంత?

ఒక వాహనం పన్నుకు ముందు ధర 8 లక్షల రూపాయలు అనుకుందాం. అది చిన్న కారు నిర్వచనంలోకి వస్తే 18 శాతం చొప్పున రూ.1.44 లక్షల పన్ను కలిసి రూ.9.44 లక్షలు అవుతుంది. అదే ధర గల వాహనం ఆ గీత దాటితే 40 శాతం చొప్పున రూ.3.20 లక్షల పన్ను కలిసి రూ.11.20 లక్షలకు చేరుతుంది. తేడా రూ.1.76 లక్షలు. ఈ సొమ్ముకు బదులుగా కొనుగోలుదారుకు ఒక్క అదనపు బోల్టు కూడా రాదు.

భారం అంతటితో ఆగదు. రవాణా శాఖకు చెల్లించే జీవితకాల పన్ను ధరను బట్టి శ్రేణులుగా ఉంటుంది. ధర పెరిగే కొద్దీ శాతం కూడా పెరుగుతుంది. బీమా ప్రీమియాన్ని సైతం వాహనం విలువ ఆధారంగానే లెక్కిస్తారు. కనుక షోరూం ధరలో కనిపించే తేడా, బండి రోడ్డెక్కేసరికి మరింత పెరుగుతుంది. షోరూం ధరలను కాకుండా అన్ని ఖర్చులతో కూడిన ఆన్‌రోడ్ ధరలనే పోల్చి చూడాలి.

పొడవు ఒక్కటే చూస్తే పొరపాటు

నాలుగు మీటర్లలోపు ఉన్నంత మాత్రాన ప్రతి వాహనానికీ తక్కువ పన్ను వర్తించదు. పొడవు, ఇంజను అనే రెండు షరతులూ నెరవేరాలి. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనుతో వచ్చిన బ్రెజా పొడవులో చిన్నదే అయినా, ఇంజను 1,200 సీసీ దాటినందున 40 శాతం పరిధిలోకి వెళ్లింది. మూడు తలుపుల మహీంద్రా థార్‌లోనూ ఇదే పరిస్థితి. 1.5 లీటర్ల డీజిల్ రకానికి తక్కువ పన్ను, అదే రూపంలో ఉండే 2.2 లీటర్ల డీజిల్ రకానికి ఎక్కువ పన్ను పడుతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ పల్లెలకు చిరపరిచితమైన బొలెరో. ఏడుగురు కూర్చునే ఈ వాహనం చూడటానికి పెద్దదిగా కనిపించినా పొడవు 3,995 మిల్లీమీటర్లే. ఇంజను 1,500 సీసీలోపు డీజిల్ కావడంతో అది పన్నుల లెక్కలో చిన్న కారే. ఇక విద్యుత్తు వాహనాలకు పొడవుతో నిమిత్తం లేకుండా 5 శాతం జీఎస్‌టీ వర్తిస్తుంది.

ఇంట్లో ఎంతమంది? ఎన్నాళ్లకోసారి?

పెద్ద వాహనం కొనడానికి ఎక్కువమంది చెప్పే కారణం కుటుంబం పెద్దదన్నదే. ఈ కారణం సమంజసమైనదే అయినా లెక్క వేసి చూడాలి. ఇంటిల్లిపాదీ కలసి తిరుమలకో, శ్రీశైలానికో, కదిరి తేరుకో వెళ్లేది ఏడాదికి రెండుమూడు సార్లు. మిగిలిన రోజుల్లో బండిలో ఉండేది ఒకరిద్దరే. ఆ రెండుమూడు ప్రయాణాలకు అద్దె వాహనం తీసుకుంటే అయ్యే ఖర్చును, ఏడేళ్లపాటు కట్టే అదనపు వాయిదాలతో పోల్చి చూస్తే నిర్ణయం సులభమవుతుంది.

అలాగని ఇంట్లో నిత్యం ఆరుగురు ప్రయాణించేవారు చిన్నదానిలో ఇరుక్కోవడం కూడా సరికాదు. నాలుగు మీటర్లలోపు వాహనాల్లో వెనుక సీటు కాగితం మీద ముగ్గురికి సరిపోతుంది. వాస్తవానికి ముగ్గురు పెద్దవాళ్లు గంటసేపు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. ఇద్దరు పెద్దలు, ఒక చిన్నారి అయితే ఇబ్బంది ఉండదు.

మూడో వరుస విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పెద్ద ఎస్‌యూవీల్లోనూ చివరి వరుసలో మోకాళ్లు పైకి లేచి కూర్చోవలసి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న వృద్ధులు అక్కడికి ఎక్కడమే కష్టం. అన్ని వరుసల్లో మనుషులు కూర్చుంటే డిక్కీలో చిన్న సంచులకు మించి చోటు మిగలదు. దీంతో సామాను పైకప్పు మీది క్యారియర్‌కు చేరుతుంది. అసలే ఎత్తయిన బండికి పైన మూటలు కట్టడం వల్ల మలుపుల్లో ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. బొలెరో వంటి వాహనాల్లో వెనుక ఎదురెదురుగా ఉండే పక్క సీట్లలో కూర్చునేవారికి, ముందుకు చూసే సీట్లలో ఉన్నంత రక్షణ ప్రమాద సమయంలో లభించదు. పిల్లలను అక్కడ కూర్చోబెట్టడం శ్రేయస్కరం కాదు.

బరువుకు కూడా పరిమితి ఉంటుంది. ఒక్కొక్కరు 70 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే 350 కిలోలవుతుంది. దానిపై 45 కిలోల యూరియా బస్తాలు రెండు వేస్తే 440 కిలోలు. చిన్న ఎస్‌యూవీలకు ఇది దాదాపు పూర్తి బరువే. వాహనంతోపాటు ఇచ్చే పుస్తకంలో గరిష్ఠ బరువు ఎంతో రాసి ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువును తీసివేస్తే ఎంత మోయవచ్చో తెలుస్తుంది.

వీధి, షెడ్డు ముందు కొలవాలి

పొడవు, వెడల్పు అంకెలు షోరూంలో చిన్నవిగానే తోస్తాయి. ఇంటికి తెచ్చిన తరువాత గోడలు గీసుకున్నప్పుడు వాటి విలువ తెలుస్తుంది. చిన్న ఎస్‌యూవీ పొడవు 13 అడుగుల పైచిలుకు. క్రెటా వంటిది 14 అడుగుల పైన, స్కార్పియో-ఎన్ 15 అడుగుల పైన ఉంటాయి. వెడల్పు చూస్తే బ్రెజా, సోనెట్ 1,790 మిల్లీమీటర్లు అంటే ఆరడుగులకు కాస్త తక్కువ కాగా, స్కార్పియో-ఎన్ 1,917, సఫారీ 1,922 మిల్లీమీటర్లు. అంటే ఆరడుగుల మూడంగుళాల పైన. ఈ కొలతల్లో పక్క అద్దాలు కలిసి ఉండవు.

రెండువైపులా తలుపులు తెరుచుకుని దిగాలంటే చెరో రెండడుగులైనా ఖాళీ ఉండాలి. అంటే పెద్ద ఎస్‌యూవీకి పదడుగులకు పైగా వెడల్పున్న షెడ్డు కావాలి. పాత ఊళ్లలో అరుగులు ముందుకు వచ్చిన వీధుల్లో, ఎదురుగా ట్రాక్టరు వస్తే వెనక్కి వెళ్లవలసిన సందుల్లో ఈ అరడుగు తేడా ప్రతిరోజూ అనుభవంలోకి వస్తుంది. చక్రాల మధ్య దూరం ఎక్కువయ్యే కొద్దీ మలుపు తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. ఇంటి నుంచి ప్రధాన రోడ్డు వరకు ఉన్న అతి ఇరుకైన చోటును టేపుతో కొలుచుకుని షోరూంకు వెళ్లడం ఉత్తమం.

ఎత్తు ఉన్నంత మాత్రాన బురద దాటదు

ఎస్‌యూవీ అనగానే నాలుగు చక్రాలూ తిరిగి ఎక్కడికైనా వెళ్తుందన్న అభిప్రాయం బలంగా ఉంది. ఇది వాస్తవం కాదు. చిన్న, మధ్య తరగతి ఎస్‌యూవీల్లో అత్యధికం మామూలు కార్ల మాదిరిగానే నిర్మించినవి. ఇంజను శక్తి ముందు రెండు చక్రాలకు మాత్రమే అందుతుంది. రూపంలో పెద్దదైన సఫారీ కూడా ముందు చక్రాలతోనే నడుస్తుంది. స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్, థార్, బొలెరో వంటివి లారీల తరహాలో విడిగా ఉక్కు చట్రంపై నిర్మించినవి. వీటిలో సాధారణ రకాలు వెనుక చక్రాలతో నడుస్తాయి. నాలుగు చక్రాలకు శక్తి అందే రకాలు కొన్నిటిలోనే, అదీ ఎక్కువ ధరకే దొరుకుతాయి.

ఎర్రనేలల్లో వాన వెలిసిన కొద్ది గంటలకు దారి గట్టిపడుతుంది. అక్కడ నేలకు తగినంత ఎత్తున్న చిన్న వాహనమే చాలు. నల్లరేగడి దారుల్లో పరిస్థితి వేరు. వాన పడితే బంకమట్టి టైరు గాళ్లలో నిండిపోయి టైరు నున్నగా మారుతుంది. అప్పుడు రెండు చక్రాలతో నడిచే బండి ఎంత పెద్దదైనా అక్కడే తిరుగుతుంది. పైగా బరువు ఎక్కువైతే ఇంకా లోతుకు దిగుతుంది. ఏటా వానాకాలమంతా అటువంటి దారిలోనే పొలానికి వెళ్లవలసిన వారికి మాత్రమే నాలుగు చక్రాల రకం అవసరం. మిగిలినవారు ఆ సొమ్మును మంచి టైర్లపై పెట్టడం మేలు.

పొంగే వాగు ముందు అన్నీ చిన్నవే

పెద్ద వాహనం ఉందన్న ధైర్యంతో చేసే అత్యంత ప్రమాదకరమైన పని పొంగుతున్న వాగును దాటే ప్రయత్నం. ఒక అడుగు లోతు నీరు చాలా కార్లను తేల్చగలదు. వేగంగా ప్రవహించే రెండడుగుల నీరు ఎస్‌యూవీలను సైతం కొట్టుకుపోయేలా చేయగలదు. వాహనం లోపలంతా గాలే ఉంటుంది కనుక నీటిలో దాని బరువు తగ్గి, టైర్లకు నేలపై పట్టు పోతుంది. బండి పెద్దదయ్యే కొద్దీ ప్రవాహం నెట్టే పక్క భాగం కూడా పెద్దదవుతుంది. పైగా కాజ్‌వే మీద రోడ్డు కోసుకుపోయిందో లేదో మురికి నీటిలో కనిపించదు.

మన ప్రాంతం ఈ పాఠాన్ని కళ్లారా చూసింది. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద చిత్రావతి నదిలో ఒక కారు చిక్కుకుపోయింది. అందులోని వారిని కాపాడేందుకు జేసీబీతో వెళ్లినవారు కూడా వరద మధ్యలో నిలిచిపోయారు. చివరకు వైమానిక దళం హెలికాప్టరు వచ్చి పదిమందిని ఒడ్డుకు చేర్చింది. టన్నుల బరువున్న జేసీబీయే కదలలేని చోట ఏ ఎస్‌యూవీ కూడా దారి చూపదు. బండి ఏ తరగతిదైనా వాగు పొంగితే ఆగడం ఒక్కటే మార్గం. నీరు ఇంజనులోకి పీల్చుకుంటే జరిగే నష్టం సాధారణ బీమాలో రాకపోవచ్చు. దానికి ప్రత్యేక రక్షణ విడిగా తీసుకోవలసి ఉంటుంది.

భద్రత: పరిమాణం కాదు, పరీక్ష చూడాలి

పెద్ద బండి అంటే గట్టి బండి అన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షల్లో 2018 డిసెంబరులో నెక్సాన్ ఐదు నక్షత్రాలు సాధించి, ఆ ఘనత పొందిన తొలి భారతీయ కారుగా నిలిచింది. 3,827 మిల్లీమీటర్ల పొడవున్న పంచ్ 2021లో పెద్దల రక్షణలో ఐదు నక్షత్రాలు పొందింది. పెద్ద తరగతిలో స్కార్పియో-ఎన్ 2022లో అదే స్థాయిని అందుకుంది. మరోవైపు ఏడు సీట్ల బొలెరో నియోకు 2024లో ఒక్క నక్షత్రమే దక్కింది. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పేరిట పరీక్షలు జరుగుతున్నాయి. ఫలితాలను ఎవరైనా చూసుకోవచ్చు.

అయితే నక్షత్రాలను చదవడంలో ఒక మెలకువ ఉంది. ముందు భాగం ఢీకొనే పరీక్షను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, దాదాపు అదే బరువున్న మరో వాహనాన్ని ఢీకొన్న పరిస్థితిని పోలేలా నిర్వహిస్తారు. కాబట్టి రెండు ఐదు నక్షత్రాల వాహనాలు, ఒకటి 1,200 కిలోలు, మరొకటి 1,900 కిలోలు ఉన్నవి, ఎదురెదురుగా ఢీకొంటే తేలికైన దానిలోని వారిపైనే ఎక్కువ దెబ్బ పడుతుంది. జాతీయ రహదారిపై రోజూ ప్రయాణించేవారికి ఈ విషయంలో బరువైన వాహనానికి కొంత ఆధిక్యం ఉన్న మాట వాస్తవమే.

కాని అదే బరువు మరోవైపు ప్రతికూలం. ఒకే వేగంలో 1,900 కిలోల వాహనాన్ని ఆపడానికి, 1,200 కిలోల దానికన్నా బ్రేకులు సగానికి పైగా అదనపు శ్రమ పడాలి. ఘాట్ రోడ్లపై దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పే అవకాశం ఎక్కువ. తక్కువ గేరులో దిగే అలవాటు తప్పనిసరి. ఎత్తయిన వాహనాన్ని హఠాత్తుగా పక్కకు తిప్పితే బోల్తాపడే అవకాశం మామూలు కారుకన్నా అధికం. దీన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా లేదా అని అడగాలి. పెద్ద వాహనంలో అడుగు రకం కొనడంకన్నా, అదే ధరకు ఇవన్నీ ఉన్న చిన్న వాహనంలో పై రకం కొనడం అనేక సందర్భాల్లో తెలివైన పని.

కొన్న తరువాత ఖర్చు

ధర ఒకసారి చెల్లించేది. ఇంధనం మాత్రం బండి ఉన్నంతకాలం అడుగుతూనే ఉంటుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్ని తీసుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే చిన్న వాహనానికి 800 లీటర్లు అవసరం. 11 కిలోమీటర్లు ఇచ్చే పెద్ద వాహనానికి దాదాపు 1,090 లీటర్లు కావాలి. లీటరు రూ.100 చొప్పున లెక్కించినా ఏడాదికి రూ.29 వేలు, ఐదేళ్లకు రూ.1.45 లక్షలు అదనంగా ఖర్చవుతాయి.

థర్డ్ పార్టీ బీమా సైతం ఇంజను సామర్థ్యాన్ని బట్టి మారుతుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం ఏడాది ప్రీమియం వెయ్యి సీసీ వరకు రూ.2,094, వెయ్యి నుంచి 1,500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897గా నిర్ణయించారు. 1,500 సీసీ దాటగానే ప్రీమియం రెట్టింపునకు మించిపోవడం గమనార్హం. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్, ఇంజను ఆయిలు, బ్యాటరీ అన్నీ పెద్ద వాహనానికి పెద్దవే, ధరలూ ఎక్కువే.

అప్పు తీసుకునేవారు మరో లెక్క చూడాలి. పెద్దది కొనేందుకు అదనంగా రూ.5 లక్షలు రుణం తీసుకుంటే, 9.5 శాతం వడ్డీపై ఏడేళ్లకు నెలవారీ వాయిదా సుమారు రూ.8,170 పెరుగుతుంది. గడువు ముగిసేసరికి ఆ 5 లక్షలకు దాదాపు రూ.6.86 లక్షలు చెల్లించినట్లవుతుంది. పంట చేతికి వస్తేనే ఆదాయం ఉండే కుటుంబాలు, వర్షాభావ సంవత్సరంలో కూడా ఈ వాయిదా కట్టగలమా అని ముందే ఆలోచించుకోవాలి. వాయిదా కోసం మళ్లీ బంగారం కుదువ పెట్టే పరిస్థితి వస్తే వాహనం సౌకర్యం కాస్తా గుదిబండ అవుతుంది.

డీజిల్ తీసుకోవాలా?

పెద్ద ఎస్‌యూవీల్లో డీజిల్‌కు ఇప్పటికీ ఆదరణ ఉంది. చిన్న తరగతిలోనూ సోనెట్, వెన్యూ, నెక్సాన్ వంటి వాటిలో డీజిల్ రకాలు వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల తరువాత డీజిల్ వాహనాల పొగగొట్టంలో మసిని పట్టే ప్రత్యేక వడపోత చేరింది. పేరుకున్న మసి కాలిపోవాలంటే వాహనం అప్పుడప్పుడు కొంతసేపు మంచి వేగంతో నడవాలి. ఊళ్లోనే రెండుమూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసేవారికి ఈ వడపోత పూడుకుపోయి మరమ్మతుల ఖర్చు ఎదురుకావచ్చు. నిత్యం బెంగళూరు, హైదరాబాద్ రహదారిపై దూర ప్రయాణాలు చేసేవారికి డీజిల్, తక్కువ దూరం తిరిగేవారికి పెట్రోలు అనుకూలం.

ఎవరికి ఏది తగును?

నలుగురైదుగురున్న కుటుంబం, ఇరుకు వీధులు, మండల కేంద్రానికి రాకపోకలు, ఏడాదికి ఒకటిరెండు దూర ప్రయాణాలు ఉన్నవారికి నాలుగు మీటర్లలోపు వాహనం అన్ని విధాలా సరిపోతుంది. పన్ను, ఇంధనం, బీమా మూడింటిలోనూ ఆదా కలుగుతుంది.

ఐదుగురు పెద్దవాళ్లు తరచుగా వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తూ, సామాను కూడా ఎక్కువగా ఉండేవారు మధ్యతరగతిని పరిశీలించవచ్చు. అదనంగా చెల్లించే దానికి వెనుక సీటులో, డిక్కీలో ప్రతిఫలం కనిపిస్తుంది. ఒకరిద్దరే ప్రయాణించేవారికి మాత్రం ఆ ఖాళీ వృథా.

నిత్యం ఆరేడుగురు ప్రయాణించే ఉమ్మడి కుటుంబాలు, రహదారులపై ఎక్కువ దూరం తిరిగేవారు, చెడ్డ దారుల్లో పని ఉన్నవారు పెద్ద తరగతికి వెళ్లడంలో అర్థం ఉంది. అయితే కేవలం మనుషులు ఎక్కువ కావడమే కారణమైతే ఎర్టిగా, క్యారెన్స్, ఇన్నోవా వంటి బహుళ ప్రయోజన వాహనాలను కూడా చూడాలి. ఎత్తు కాస్త తక్కువైనా మూడో వరుసలో కూర్చోవడం వాటిలో సులభం.

బయానాకు ముందు ఐదు పనులు

1. ఇంటి షెడ్డు, వీధిలో ఇరుకైన చోటు, ఇంటి ముందరి ర్యాంపు వాలు కొలుచుకోవాలి.

2. గత ఏడాది ఎన్నిసార్లు ఐదుగురికన్నా ఎక్కువమంది కలసి ప్రయాణించారో రాసుకోవాలి. పది దాటకపోతే మూడో వరుస అవసరం లేనట్లే.

3. ఇంట్లో అందరికన్నా పెద్దవారిని, అందరికన్నా పొడగరిని వెంట తీసుకెళ్లి వెనుక సీటులో కనీసం పావుగంట కూర్చోబెట్టాలి.

4. జీఎస్‌టీ, జీవితకాల పన్ను, బీమా, ఇతర రుసుములు విడివిడిగా చూపుతూ ఆన్‌రోడ్ ధరను కాగితంపై తీసుకోవాలి. అవసరం లేని ఉపకరణాలను అందులో కలిపితే తొలగించమని అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంది.

5. నున్నటి రహదారిపై కాకుండా తాము రోజూ తిరిగే దారి వంటి చోట నడిపి చూడాలి. దగ్గరలో సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉందో తెలుసుకోవాలి.

పక్కింటివారు కొన్నది మన వీధికి సరిపోవచ్చు, మన ఆదాయానికి సరిపోకపోవచ్చు. అరువు తెచ్చుకున్న గౌరవం వాయిదాల పుస్తకంతో పాటే కరిగిపోతుంది. ఏడాదికి 365 రోజుల్లో 350 రోజులు ఏ పనికి వాడతామో ఆ పనికి తగిన బండిని ఎంచుకుని, మిగిలిన 15 రోజులకు వేరే ఏర్పాటు చేసుకోవడమే ఇంటి బడ్జెట్‌కు క్షేమకరం.